లోపల మనిషి ఉన్నాడు

మెట్ల మలుపులో నిలబడి టెస్టరు ఫోనులో అన్న మాట "వికీ." కింద కుర్చీలో కూర్చున్న వాచ్‌మన్ చెవిన పడిన మాట "విక్కీ." రెండింటికీ మధ్య తేడా ఒక్క వత్తు. ఆ ఒక్క వత్తు వాచ్‌మన్‌కి ఎక్కడలేని ఒత్తిడి తెచ్చిపెట్టింది.

"వికీ సంగతి ఇవాళ తేలిపోవాలండీ," అంటున్నాడు టెస్టరు. "రోజూ కోసేస్తుంటే ఎన్నాళ్ళని ఊరుకోను? సాయంత్రం ఆరు దాటిందంటే ఇక నా చేతిలో ఏమీ ఉండదు."

వాచ్‌మన్ టీ గ్లాసు కింద పెట్టాడు. విక్కీ అనేవాడొకడున్నాడు. వాడు రోజూ ఏదో కోస్తున్నాడు. సాయంత్రం ఆరింటికి ఏదో జరగబోతోంది. ఆరంతస్తుల భవనానికి పదకొండేళ్ళుగా కాపలా కాస్తున్న మనిషికి ఇంతకంటే వివరం అక్కర్లేదు. వచ్చేపోయేవాళ్ళ పుస్తకం తెరిచి, 'వి'తో మొదలయ్యే పేర్లన్నిటి కింద గీతలు గీయడం మొదలుపెట్టాడు.

టెస్టరు ఫోను కుడి జేబులో వేసుకుని మళ్ళీ మెట్లెక్కసాగాడు. పక్కనే లిఫ్టు ఉంది, నడుస్తోంది. అయినా ఎక్కడు. పొద్దున్న తన చేత్తో చూసుకోని యంత్రాన్ని నమ్మి కాలు పెట్టే అలవాటు అతనికి లేదు. లిఫ్టులు బాగుచేస్తూ నలభై ఏళ్ళుగా జనాన్ని కూర్చోబెట్టకుండా పైకి పంపుతున్నాడు, తను మాత్రం మోకాళ్ళు పట్టుకుని మెట్లమీదే పైకొచ్చాడు. ఇంత పైకొచ్చినా జీతం మాత్రం కింది అంతస్తులోనే ఉండిపోయిందని లిఫ్టు పనివాళ్ళ సంఘంలో జోకు.

అరవై మూడేళ్ళ మనిషి. సన్నగా, ఎండుపుల్లలా ఉంటాడు. పనిముట్ల సంచి మోసి మోసి ఎడమ భుజం కుడి భుజం కంటే రెండంగుళాలు కిందకి జారింది. గోళ్ళ చుట్టూ నల్లటి గ్రీజు గీత, ఎంత సబ్బు పెట్టినా కదలనిది. ఖాకీ చొక్కాకి జేబు ఒక్కటే, కుడి వైపు. అందులో ఎర్రపిడి టెస్టరు. ఆ టెస్టరు పేరే మనిషి పేరయింది. అసలు పేరు జీతాల రిజిస్టరుకీ, భార్యకీ తప్ప ఎవరికీ గుర్తులేదు.

పేరుకి తగ్గ మనిషే. టెస్టు చెయ్యకుండా ఏదీ నమ్మడు. ఎవరింటికి వెళ్ళినా కుర్చీని రెండు చేతులతో ఊపి చూసి కూర్చుంటాడు. బస్సు బోర్డు చదివాక కండక్టరుని అడుగుతాడు, కండక్టరు చెప్పాక పక్క సీటువాణ్ణి అడుగుతాడు. గోడకి ఆనుకునేముందు గోడని తట్టి చూస్తాడు. "మానం పోయినా ఫరవాలేదు గానీ అనుమానం పోకూడదు ఈయనకి," అని ఆయన భార్య నవ్వుతుంది. ఆ నవ్వుని కూడా ఒకసారి పరీక్షగా చూసుకుని గానీ టెస్టరు తను నవ్వడు.

ఈ అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళ కిందట ఒకరోజు వచ్చింది, వచ్చి ఉండిపోయింది.

ఆరో అంతస్తు పైన మెషిన్ రూము తలుపు తెరిచాడు. నూనె వాసన, వెచ్చటి గాలి. పెద్ద చక్రం మీద ఉక్కుతాళ్ళు అటొకసారీ ఇటొకసారీ జారుతున్నాయి. గోడకి మెయిన్ స్విచ్. చక్రం ఆగి, లిఫ్టులోంచి జనం దిగిన చప్పుడు విన్నాక టెస్టరు స్విచ్ కిందకి దించాడు. సంచిలోంచి ఎర్ర రేకు పలక తీసి, దాని తీగని స్విచ్ పిడికి మూడు చుట్లు చుట్టాడు. పలక మీద తెల్ల అక్షరాలు: "ముట్టుకోవద్దు. లోపల మనిషి ఉన్నాడు." వెనక మేకుతో పొడిచిన అంకె, నలభై రెండు. అది అతని నంబరు.

లిఫ్టు పనివాళ్ళకి ఆ పలకే అన్నీ. ఎవడు తగిలిస్తే వాడే తియ్యాలి. పై అధికారి వచ్చినా, భవనం యజమాని వచ్చి తలకిందులుగా నిలబడినా ఇంకొకడి పలక మీద చెయ్యి వెయ్యకూడదు. పలక పలకదు. కానీ అది వేలాడుతున్నంతసేపూ దాని మాటే చెల్లుతుంది.

పలక కట్టాక టెస్టరుతో కరెంటు లేదని చూశాడు. ఇంకోసారి చూశాడు. అప్పుడు స్టూలు లాక్కుని కూర్చుని, కార్యదర్శి ఫోను కోసం ఎదురుచూస్తూ చక్రం ఇరుసుకి గ్రీజు పెట్టసాగాడు.

సంఘం కార్యదర్శికి అందరూ పెట్టుకున్న పేరు కామా. ఎవరేం రాసినా అందులో నాలుగు కామాలు ఇరికిస్తాడు. మాట్లాడేటప్పుడూ అంతే, ఫుల్‌స్టాప్ ఎక్కడుందో ఆయనకే తెలియదు. నలభై దాటిన మనిషి, మంచివాడు, పెద్దవాళ్ళందరినీ బాబాయ్ అంటాడు. పోయినేడు ఆయనకో ఆలోచన వచ్చింది. కొత్తగా పనిలోకి వచ్చేవాళ్ళ కోసం సంఘం ఒక చేతిపుస్తకం తేవాలి. ఒక్కడు రాస్తే అది ఒక్కడి పుస్తకం అవుతుంది. మూడొందల మంది సభ్యులూ కలిసి రాయాలి. దానికే ఈ వికీ. కంప్యూటరులో ఒక పుస్తకం తెరిచే ఉంటుంది. సభ్యుడెవరైనా తన పేరుతో తాళం తీసుకుని లోపలికి వెళ్ళి రాయొచ్చు, ఇంకొకడు రాసింది దిద్దొచ్చు, కొట్టెయ్యొచ్చు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో పక్కన "చరిత్ర" అని ఒక మీట నొక్కితే కనిపిస్తుంది.

"మన పని లాంటిదే బాబాయ్," అన్నాడు కామా. "ఒకడు తాడు బిగిస్తాడు, ఇంకొకడు చూస్తాడు, మూడోవాడు మళ్ళీ చూస్తాడు."

"మూడోవాడు విప్పేస్తే?" అన్నాడు టెస్టరు.

అయినా పలక గురించిన పేజీ అతనికే అప్పగించారు. నెలాఖరుకి రిటైరయ్యే మనిషి, ఆ మాత్రం గౌరవం ఉండాలి. రాత్రి భోజనానికి ముందు గంటసేపు కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఒక వేలితో రాశాడు. ఎలా కట్టాలి, ఎన్ని చుట్లు, ఎవరు తియ్యాలి. "తగిలించినవాడు రాలేని పరిస్థితి వస్తే" అని మొదలుపెట్టి ఏం రాయాలో తోచక చుక్కలు పెట్టి వదిలేశాడు. చివర్న ఇలా రాశాడు:

"ఒకసారి ఒకతను స్విచ్ ఆపాడు గానీ పలక తగిలించలేదు. రెండు నిమిషాల టీకి పలకెందుకని జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఎవరో స్విచ్ వేశారు. లిఫ్టు కింది గుంటలో పనిచేస్తున్న కుర్రాడికి ఇరవై నాలుగేళ్ళు. ఆ ఒకణ్ణి నేనే."

మర్నాడు చూస్తే అంతా ఉంది, చివరి వాక్యం లేదు. మళ్ళీ రాశాడు. మళ్ళీ పోయింది. ఇప్పటికి పంతొమ్మిదిసార్లు రాశాడు, పంతొమ్మిదిసార్లూ పోయింది. రాత్రి ఇరవయ్యోసారి రాశాడు. ఇంకెక్కడా ఒక్క అక్షరం కదల్లేదు, కామా పెట్టిన కామాలు తప్ప. ఇవాళ సాయంత్రం ఆరింటికి పేజీలన్నిటికీ తాళం వేసి అచ్చుకి పంపేస్తారు. ఆ వాక్యం లేకపోతే మిగిలేది "ఒకతను." ఒకతను అంటే ఎవడూ కాదు. ఎవడూ కానివాడి తప్పుకి ఏ కొత్తవాడూ జడవడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు "ఒకతను" వెనకాల దాక్కున్న మనిషికి ఆ సంగతి బాగా తెలుసు.

గుంటలో ఉన్న కుర్రాడు అతని బావమరిది. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. గుంటలో ఈల వేస్తే ఆరంతస్తులూ మోగుతాయని పని మానేసి ఈల వేసేవాడు. ఆ రోజు టీ తాగుతుంటే ఈల మధ్యలో ఆగింది. టెస్టరుకి ఈరోజుకీ ఎవరైనా ఈల వేసి సగంలో ఆపితే చెమట పడుతుంది.

అప్పటి లిఫ్టుల ఇన్‌స్పెక్టరు "గుర్తు తెలియని వ్యక్తి స్విచ్ వేసెను" అని రిపోర్టు రాశాడు. పలక తగిలించావా అని ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. ఆ రాత్రి చొక్కా విప్పి పడేసి పడుకున్నాడు. పొద్దున్న చూసుకుంటే జేబులో పలక లేదు. పదిహేడో నంబరు పలక, ఈ నలభై రెండుకి ముందటిది, అప్పటికి నెల రోజుల కిందట ఇచ్చిన కొత్తది. మెషిన్ రూములో వెతికాడు, టీ కొట్లో వెతికాడు, ఆస్పత్రి వరండాలో వెతికాడు. ఎక్కడా లేదు. అంటే ఎవడికో దొరికింది. ఎవడికో తెలుసు. ఆ ఎవడో ఏదో ఒకరోజు దాన్ని బల్ల మీద పెట్టి, "ఇది నీదే కదూ?" అంటాడు.

ఆ ఎవడో కోసం ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ప్రతి మొహమూ పరీక్షించుకుంటూ వస్తున్నాడు. ఇప్పుడు ఆ పలక ఎత్తుకుపోయినవాడే ఈ వాక్యం కూడా ఎత్తుకుపోతున్నాడని అతని నమ్మకం. గుట్టు నేనే విప్పేస్తే ఇక వాడి చేతిలో ఏం మిగులుతుంది?

మొదటి అనుమానం కామా మీద. కొట్టెయ్యడం ఆయన పని. రెండో అనుమానం సంఘం అధ్యక్షుడి మీద. ఆ రిపోర్టు రాసిన ఇన్‌స్పెక్టరు ఆయనే, గుర్తు తెలియని వ్యక్తి ఇప్పుడు గుర్తుపట్టమని వస్తే ఆయనకీ ఇబ్బందే. "చరిత్ర" నొక్కితే తేలిపోతుందని తెలిసినా టెస్టరు ఎన్నడూ నొక్కలేదు. ఆ మాట చూస్తేనే అతని వేలు వెనక్కి వస్తుంది.

పదింటికి ఫోను మోగింది.

"బాబాయ్, చరిత్ర చూశాను," అన్నాడు కామా. గొంతులో ఈసారి కామాలు లేవు. "కొట్టేసింది మీరే."

"నేనా?"

"మీ పేరే ఉంది. పంతొమ్మిదిసార్లూ. పొద్దున్న పది నలభైకీ పది యాభైకీ మధ్య."

"ఆ టైముకి నేను పనిలో ఉంటానయ్యా. ఇరుసు మీద చేతులుంటాయి నాకు."

"అయితే మీ తాళం ఎవరి దగ్గరో ఉంది. మీ రహస్య పదం ఎక్కడైనా రాసిపెట్టారా?"

లోకంలో ప్రతి కుర్చీనీ ఊపి చూసే మనిషి తన రహస్య పదాన్ని అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి, దారం కట్టి, కంప్యూటరు మెడలో వేలాడదీశాడు. ఇంట్లో ఆవిడ తప్ప ఎవరున్నారు, ఆవిడ కంప్యూటరుని దుమ్ము దులపడానికి తప్ప ముట్టుకోదు. అంటే దొంగ ఇంట్లోకే వస్తున్నాడు. పది నలభైకి, ఆవిడ కుట్టుపనిలో ఉన్నప్పుడు.

గడియారం చూసుకున్నాడు. ఇల్లు పావుగంట నడక. పలకని అలాగే వేలాడనిచ్చి మెట్లు దిగాడు.

"టెస్టరు గారూ, వాడొచ్చాడా?" అన్నాడు వాచ్‌మన్ గొంతు తగ్గించి.

"ఇంటికే వచ్చాడయ్యా," అన్నాడు టెస్టరు నడుస్తూనే.

వాచ్‌మన్ గేటు గొళ్ళెం వేశాడు.

టెస్టరు వీధి తలుపున వెళ్ళలేదు. వెనక సందులోంచి వచ్చి, తన ఇంటి కిటికీ కింద తనే నక్కాడు. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్నావిడ అతన్ని చూసి క్లిప్పు నోట్లోనే పెట్టుకుని ఉండిపోయింది. అతను వేలు పెదాల మీద పెట్టుకుని సైగ చేశాడు. మెల్లగా తల ఎత్తి చూశాడు.

గదిలో కుట్టుమిషను మీద ఎవరిదో ప్యాంటు సగం విప్పి ఉంది. అతని భార్య పని అదే. పొడుగు తగ్గించడం, బిగువు వదలడం. ఊరందరి కొలతలూ ఆవిడ దగ్గరుంటాయి. ఇప్పుడామె మిషను దగ్గర లేదు. కంప్యూటరు ముందు కూర్చుంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారింది. కుడి చూపుడువేలికి కుట్టుపని ఇత్తడి తొడుగు అలాగే ఉంది. కంప్యూటరు మెడలో దారంతో వేలాడుతున్న అట్టముక్కని ఒకసారి తిప్పి చూసి, తొడుగుతో ఒక్కో మీటా నొక్కింది. టక్. టక్. టక్.

పేజీ వచ్చింది. ఆమె పెదాలు కదిలాయి. చదువుతోంది. చివరికొచ్చి ఆగింది. ఆ చివరి వాక్యం మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచింది, జ్వరం చూస్తున్నట్టు. తర్వాత చెయ్యి తీసి, కుట్టు విప్పినట్టుగా వెనకనుంచి ఒక్కో అక్షరమే విప్పుకుంటూ వచ్చింది. చుక్క, "నే," "నే." విప్పాక మిగిలిన గుడ్డ ముడతపడకుండా సరిచేసినట్టు వాక్యాల మధ్య ఖాళీ కూడా సర్దింది. చీర చెంగుతో తెర తుడిచి, లేచి వెళ్ళి ప్యాంటు చేతిలోకి తీసుకుంది.

ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. కొత్తగా తెలిసిన మొహం కాదది. టెస్టరు మొహాలు చదవడంలో ముప్ఫయ్యొక్క ఏళ్ళ అనుభవం ఉన్నవాడు. ఆ ఒక్క మొహం మాత్రం ఎప్పుడూ చదవలేదు.

లోపలికి వెళ్ళలేదు. వచ్చినదారినే వెనక్కి నడిచాడు.

"దొరికాడా?" అన్నాడు వాచ్‌మన్.

"దొరికానయ్యా," అన్నాడు టెస్టరు. అని మెట్లవైపు చూశాడు. లిఫ్టు ఆగి ఉంది, తన పలకే దాన్ని ఆపింది, తనే పైకెళ్ళి తియ్యాలి. ఆరంతస్తులు. మూడో అంతస్తులో కూర్చున్నాడు. ఐదో అంతస్తులో మళ్ళీ కూర్చున్నాడు. గుండెలో ఎవరో తాడు బిగిస్తున్నట్టుంది. మెషిన్ రూము చేరి స్టూలు మీద కూర్చుని ఇంటికి ఫోను చేశాడు.

"ఏమోయ్."

"చెప్పండి." వెనక మిషను ఆగిన చప్పుడు.

"సాయంత్రం నీకో మాట చెప్పాలి."

"ఫోనులో చెప్పకూడదా?"

"కాదు. ఎదురుగా కూర్చుని చెప్పాలి."

"ఇన్నేళ్ళు ఆగాను, సాయంత్రం దాకా ఆగలేనా," అంది.

టెస్టరు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "నీకెప్పటినుంచి తెలుసు?"

"చొక్కాకి ఎడమ జేబు వద్దన్నారు మీరు. గుండె మీద బరువుగా ఉంటుందన్నారు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు అన్ని చొక్కాలూ అలాగే కుట్టాను. ఎందుకని ఒక్కసారైనా అడిగానా?"

అతను రాసిన పేజీలో ఏ జేబో లేదు. ఎడమ జేబని అతను ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి విప్పి పడేసిన చొక్కా, పొద్దున్న తాడు మీద తడిగా వేలాడుతున్న చొక్కా, ఒకదాని పక్కన ఒకటి కళ్ళముందు నిలబడ్డాయి. లోకమంతా వెతికాడు. ఉతికినదాన్ని అడగలేదు.

"మరి నాతో ఎందుకున్నావే?"

"ఎప్పటికైనా మీరే చెబుతారని. ఇప్పుడేమో ఆ పుస్తకంలో ఊరందరికీ చెబుతున్నారు గదా. ముందు నాకు చెబుతారేమోనని చూశాను. అందుకే రోజూ తీసేశాను." ఆగి అంది. "త్వరగా రండి. ఆరింటికేగా తాళం వేసేది. చెప్పేశాక ఇద్దరం కలిసే రాద్దాం. మీ ఒక్క వేలితో అయ్యే పని కాదు."

"వస్తా," అన్నాడు టెస్టరు. నవ్వు వచ్చింది. ఆ నవ్వుని పరీక్ష చేసుకోలేదు.

ఫోను పక్కన పెట్టాడు. మెషిన్ రూము చిన్న కిటికీలోంచి వచ్చిన వెలుగు స్విచ్ మీద పడి పలక ఎర్రగా మెరుస్తోంది. ఇరుసుకి ఇంకో వైపు గ్రీజు పెట్టాలి. కాస్త ఊపిరి తీసుకుని పెడదామనుకున్నాడు. వెనక్కి వాలాడు. ఆనుకునేముందు గోడని తట్టి చూడలేదు.

మూడింటికి నాలుగో అంతస్తు ఆయన వచ్చి లిఫ్టు ఎప్పటికి నడుస్తుందని వాచ్‌మన్ మీద ఎగిరాడు. వాచ్‌మన్ పైకెక్కాడు. టెస్టరు స్టూలు మీద గోడకి ఆనుకుని, నోరు కొంచెం తెరిచి, గ్రీజు చేతులు ఒళ్ళో బోర్లించుకుని ఉన్నాడు. వాచ్‌మన్ రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవలేకపోయాడు.

మనిషిని మెట్లమీదుగానే దించారు. లిఫ్టుండి కూడా లిఫ్టువాణ్ణి భుజాల మీదే దించాల్సొచ్చింది, ఎందుకంటే స్విచ్ మీద పలక ఉంది. సంఘం నుంచి నలుగురు వచ్చారు. నలుగురూ దాని ముందు నిలబడ్డారు. నలభై రెండు. తగిలించినవాడే తియ్యాలి. ఒకడు చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుని ప్యాంటుకి తుడుచుకున్నాడు. నాలుగు రోజులు ఆ భవనం జనం మెట్లెక్కారు. అందరూ గొణిగారు, కానీ పైకెళ్ళి తీస్తానన్నవాడు లేడు. వెళ్తానన్నా వాచ్‌మన్ వెళ్ళనిచ్చేవాడు కాదు.

నాలుగో రోజు సంఘం హాల్లో సభ పెట్టారు. కుర్చీలన్నీ నిండి కొంతమంది గోడల వెంట నిలబడ్డారు. గోడలకి ఆనుకునేముందు తట్టి చూసినవాళ్ళు ఇద్దరు ముగ్గురున్నారు. బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, మంచినీళ్ళ గ్లాసు, కామా గారి కంప్యూటరు. అచ్చు ఆపారు, పేజీలకి ఇంకా తాళం వెయ్యలేదు. టెస్టరు భార్య మొదటి వరసలో, ఒళ్ళో గుండీల డబ్బా పెట్టుకుని కూర్చుంది. ఆ డబ్బా ఎందుకు తెచ్చిందని ఎవరూ అడగలేదు, దుఃఖంలో ఉన్నవాళ్ళు ఏది పట్టుకున్నా అడగరు.

వాచ్‌మన్ మాత్రం కూర్చోలేదు. గుమ్మం పక్కన నిలబడి వచ్చిన ప్రతి మొహాన్నీ పైనుంచి కిందకి చూశాడు. చేతిలో వచ్చేపోయేవాళ్ళ పుస్తకం. కామా మాట్లాడుతూ ఎక్కడో ఒక చోట ఊపిరి కోసం ఆగేసరికి వాచ్‌మన్ చెయ్యెత్తాడు.

"ఒక్క మాటండీ. ఇక్కడ విక్కీ ఎవరు?"

ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

"ఆ రోజు పొద్దున్న ఆయన ఫోనులో అంటుంటే విన్నాను. విక్కీ రోజూ కోసేస్తున్నాడని. సాయంత్రం ఆరు దాటితే తన చేతిలో ఏమీ ఉండదని. వాడు ఇంటికే వచ్చాడని కూడా నాతో అన్నారు. పోలీసులకి చెబితే ఇంటిపేరు అడిగారు. నాకు తెలియదు. మీలో ఉన్నాడేమోనని వచ్చాను."

వెనక వరసలో ఒకడు నవ్వబోయి దగ్గాడు. కామా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"విక్కీ మనిషి కాదు బాబూ. వికీ. మేమందరం కలిసి రాస్తున్న పుస్తకం పేరు. ఎవరైనా రాస్తారు, ఎవరైనా దిద్దుతారు."

వాచ్‌మన్ ఆలోచించాడు. "అయితే మీరందరూ కలిసే విక్కీ అన్నమాట."

"అన్నమాటే."

"మరి కోసిందెవరు?"

కామా ఇబ్బందిగా కంప్యూటరు వైపు తిరిగాడు. "బాబాయ్ తన పేజీలో చివర ఒక వాక్యం రాసేవాడు, మర్నాటికి అది పోయేది. చరిత్రలో చూస్తే తీసేసిన పేరు కూడా ఆయనదే. మాకూ అర్థం కాలేదు."

"పేరు ఆయనది," అంది టెస్టరు భార్య కూర్చునే. "చెయ్యి నాది."

మూడొందల తలలు తిరిగాయి. ఆమె లేచి నిలబడింది. గొంతు పెంచలేదు, ఎవరి కొలతలో చెబుతున్నట్టు చెప్పింది.

"ఆ రోజు పలక తగిలించకుండా టీకి వెళ్ళింది మా ఆయనే. గుంటలో ఉన్నది మా తమ్ముడు. చొక్కా ఉతకబోతే జేబులో పలక దొరికింది, అప్పుడే తెలిసింది నాకు. తనే చెబుతాడని చూశాను. ఆయనేమో పుస్తకానికి చెప్పాడు. నాకు చెప్పేదాకా తీసేస్తూనే ఉందామనుకున్నాను. నాలుగు రోజుల కిందట ఫోను చేసి సాయంత్రం చెబుతానన్నాడు." ఆగింది. "అది చాల్లెండి. చెప్పినట్టే."

అధ్యక్షుడు, పాత ఇన్‌స్పెక్టరు, చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. కామా కుర్చీ వదిలి పక్కకి జరిగాడు. ఇత్తడి తొడుగు లేని వేలితో, కుట్టు వేసినంత నిదానంగా, పేజీ చివర మూడే మాటలు రాసింది. "ఆ ఒకణ్ణి నేనే." చుక్క పెట్టింది.

"పైన ఒక వాక్యం సగంలో ఉందమ్మా," అన్నాడు కామా నెమ్మదిగా. "తగిలించినవాడు రాలేని పరిస్థితి వస్తే, అని. ఏం రాయాలో మాకెవరికీ తోచలేదు."

"ఇంట్లోవాళ్ళని పిలవండి అని రాయండి," అందామె. "వాళ్ళకి తెలిసే ఉంటుంది."

కామా రాశాడు. ఒక్క కామా కూడా పెట్టలేదు.

అప్పుడామె గుండీల డబ్బా మూత తీసి, అడుగు నుంచి ఒకటి పైకి తీసి ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టింది. "ఇది సంఘానిది. తిరిగివ్వడం ఆలస్యమైంది." వాచ్‌మన్ వైపు తిరిగింది. "పైనున్నది నేను తీస్తాను. దారి చూపించు నాయనా."

"ఆరంతస్తులమ్మా. మెట్లే."

"ఎక్కుతాను."

ఆమె వెనక వాచ్‌మన్, వాచ్‌మన్ వెనక కామా, తర్వాత ఒక్కొక్కరే అందరూ లేచి బయటికి నడిచారు. హాలు ఖాళీ అయింది. బల్ల మీద పదిహేడో నంబరు పలక మిగిలింది. సబ్బునీళ్ళకి ఎరుపు కొంచెం వెలిసింది గానీ, దాని తీగ మాత్రం కొత్తగా ఇచ్చిననాడు ఎలా చుట్టి ఉందో అలాగే ఉంది, ఒక్క స్విచ్‌కైనా తగిలించడానికి విప్పిన గుర్తు ఎక్కడా లేదు.